చిన్న దీవిలో డాక్టర్లు, నర్సులు నిలవాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న దీవిలోని ఆరోగ్య కేంద్రానికి మనుషుల్ని వెతికే పని నెత్తిన పడ్డవాళ్లు అడిగే ప్రశ్నలివి. అక్కడికి వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న నర్సులు, డాక్టర్లు కూడా కొన్ని అడిగారు. నేను కొన్నేళ్లు ఈ పనే చేశాను, అందుకే కొన్నిచోట్ల కాస్త గట్టిగానే చెప్తాను.

ప్రకటన ఇచ్చి ఆరు నెలలైంది, ఒక్క దరఖాస్తూ లేదు. జీతం పెంచితే వస్తారా?

వస్తారు. ఉంటారా అన్నది వేరే సంగతి. ఎక్కువ జీతం మనిషిని పడవ ఎక్కిస్తుంది, కానీ రెండో ఏడాది కూడా అక్కడే ఉంచే శక్తి దానికి ఒక్కదానికే లేదు. మారుమూల ప్రాంతాల్లో ఆరోగ్య సిబ్బందిని నిలుపుకోవడం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో వాటిని సవరించింది. చదువు, నియమ నిబంధనలు, డబ్బు, వ్యక్తిగతంగానూ వృత్తిపరంగానూ ఇచ్చే తోడ్పాటు అని అందులో నాలుగు భాగాలున్నాయి. డబ్బు నాలుగింట్లో ఒక్కటే. ఈ నాలుగూ కలిపి ఒకేసారి ఇవ్వాలి, ఒక్కోటి విడివిడిగా ఇస్తే పెద్దగా పనిచేయదు అన్నది అందులో నాకు బాగా నచ్చిన మాట, నా అనుభవం కూడా అదే.

జీతం తక్కువైనా పర్లేదని నేను అనట్లేదు. దీవిలో సరుకుల ధరలు, రాకపోకల ఖర్చు కలిపి చూస్తే బయట అదే పనికి వచ్చే జీతం కంటే చేతిలో తక్కువ మిగులుతుంటే ఎవరూ రారు, రాకూడదు కూడా. ముందు ఆ లెక్క సరిచేయండి. ఆ తర్వాత మిగిలిన డబ్బును జీతం మీద ఇంకా ఇంకా పోయడం కంటే కింద చెప్పబోయే వాటి మీద పెట్టడం మేలు.

మరి వచ్చినవాళ్లు ఎందుకు వెళ్లిపోతున్నారు?

ఒంటరితనం, బోర్ కొట్టడం, తుఫాన్లు... ఇలా చాలా చెప్తారు. అవన్నీ నిజమే. కానీ నేను చూసినంతలో మనిషిని విరిచేసేది ఒక్కటే: రిలీవర్, అంటే సెలవు మీద వెళ్లేటప్పుడు ఆ చోట పనిచేయడానికి రావాల్సిన మనిషి, రాకపోవడం.

ఒక సాయంత్రం సంగతి చెప్తాను. ఆ రోజు ఆఖరి పడవ వస్తోంది. మా నర్సు ఏడు వారాలుగా ఒక్క రోజు సెలవు లేకుండా పనిచేసి, బ్యాగు సర్దుకుని, మందుల బీరువా తాళాలు ఒక కవర్లో పెట్టి, రోగుల వివరాలు రెండు పేజీలు రాసి పట్టుకుని రేవులో నిలబడింది. పడవ ఆగింది. సరుకులు దిగాయి, నలుగురు మనుషులు దిగారు. రావాల్సిన మనిషి దిగలేదు. ఆమె ఏమీ అనలేదు. ఆ కవర్ బ్యాగులో పెట్టుకుని వెనక్కి నడిచింది, ఆ రాత్రి ఫోన్ మోగితే వెళ్లి ఒక కాన్పు కూడా చూసింది. రెండు నెలల తర్వాత రాజీనామా ఇచ్చింది. కాగితం మీద 'కుటుంబ కారణాలు' అని రాసింది. రిలీవర్‌ను పంపాల్సిన ఏజెన్సీ వాళ్లు ముందు రోజే మాకు చెప్పారు, మేం ఇంకొకర్ని వెతికే హడావిడిలో పడి ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ అది తలుచుకుంటే బాధేస్తుంది.

అందుకే నేను ఎవరికైనా మొదట చెప్పే మాట ఇది. మీరు నియమించాల్సింది ఒక మనిషిని కాదు, ఆ మనిషినీ, వాళ్లు సెలవు మీద వెళ్తే వచ్చి కూర్చునే మనిషినీ. రెండో మనిషి ఎవరో తెలియకుండా మొదటి మనిషికి ఆఫర్ లెటర్ ఇవ్వకండి.

మా దీవిలో వెయ్యి మంది కూడా లేరు. ఒక్క నర్సు చాలదా?

రోగుల సంఖ్య చూస్తే చాలుతుంది. గంటలు లెక్కపెడితే చాలదు. వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 40 గంటలు పనిచేస్తే, రాత్రీ పగలూ ఎవరో ఒకరు డ్యూటీలో ఉండాలంటే నలుగురికి పైనే కావాలి. సెలవులు, శిక్షణ, జ్వరాలు కలిపితే ఐదుగురు దాటుతారు. అంతమంది మీకు ఎలాగూ ఉండరు, కాబట్టి మిగతా గంటలన్నీ 'అవసరమైతే పిలుస్తాం' అనే పేరుతో ఉన్న ఒకరి మీదో ఇద్దరి మీదో పడతాయి. ఆ పిలుపు వారానికి రెండుసార్లే రావచ్చు. కానీ ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి ఆ మనిషికి సముద్రంలో ఈతకు వెళ్లడం కుదరదు, దీవి అవతలి వైపు స్నేహితుల ఇంట్లో రాత్రి ఉండడం కుదరదు, నిద్ర కూడా సగం నిద్రే. పని తక్కువ, టెన్షన్ ఎక్కువ. బయట నుంచి చూసేవాళ్లకు ఇది కనిపించదు, "రోజుకు పది మందిని చూడటానికి ఇంత అలసటా" అంటారు. దయచేసి ఆ మాట అనకండి.

ఐదుగురిని పెట్టే స్తోమత మాకు లేదు. ఇంకేం చేయగలం?

ఇక్కడే అసలు పని ఉంది. స్తోమత లేని చోట పంచుకోవడమే దారి. పక్క దీవులతో కలిసి గానీ, ప్రధాన భూభాగంలో ఉన్న పెద్ద ఆసుపత్రితో ఒప్పందం చేసుకుని గానీ ఒక ఉమ్మడి బృందాన్ని పెట్టుకోవచ్చు. నాలుగు వారాలు దీవిలో, నాలుగు వారాలు బయట, అలా ఇద్దరు వంతులవారీగా చేసే పద్ధతి చాలాచోట్ల నడుస్తోంది. దీవికి పూర్తిగా మారిపోవడానికి ఒప్పుకోని డాక్టర్లు ఈ పద్ధతికి ఒప్పుకుంటారు, ఎందుకంటే ఇల్లూ పిల్లలూ ఉన్నచోటే ఉంటారు. ఇందులో రోగులకు ఒక ఇబ్బంది ఉంది, ప్రతిసారీ కొత్త ముఖానికి మొదటి నుంచి కథ చెప్పుకోవాల్సి వస్తుంది. దానికి మందు ఒక్కటే, ఎప్పుడూ అదే ఇద్దరు రావాలి. ఏజెన్సీ ఎవరు దొరికితే వాళ్లను పంపే పద్ధతి ఖర్చు ఎక్కువ, నమ్మకం తక్కువ.

ఇదేం కొత్త ఆలోచన కాదు. స్కాట్లాండ్ ఎత్తైన ప్రాంతాల్లో, దీవుల్లో డాక్టర్లు బతకలేకపోతున్నారని 1912లో ప్రభుత్వం వేసిన డ్యూయర్ కమిటీ నివేదిక ఇచ్చింది. రోగులు పేదవాళ్లు, ఫీజు ఇవ్వలేరు, ఒక్కో ఇంటికి వెళ్లాలంటే గంటల ప్రయాణం. 1913లో ప్రభుత్వం అక్కడ ఒక ప్రత్యేక వైద్య సేవ మొదలుపెట్టి డాక్టర్లకు కనీస ఆదాయం, ప్రయాణ ఖర్చులు, ఇల్లు, సెలవు చూసుకుంది. బ్రిటన్ మొత్తానికీ జాతీయ ఆరోగ్య సేవ వచ్చింది 1948లో, అంటే అంతకు 35 ఏళ్ల ముందు మాట. ఆ జాబితా ఇంకోసారి చదవండి. ఇల్లు, ప్రయాణం, సెలవు. వందేళ్లు దాటినా ఇప్పటికీ మనిషి అడిగేవి అవే.

ప్రకటనలో ఏం రాయాలి? అందమైన ఫోటోలు పెడితే చాలా మంది చూస్తున్నారు మరి.

చూస్తారు. అరచేతిలో వైకుంఠం చూపిస్తే చూసేవాళ్లకు కొదవేముంది. కానీ సూర్యాస్తమయం చూసి వచ్చిన మనిషి మొదటి చలికాలమో వానాకాలమో దాటకుండానే వెళ్లిపోతాడు, మీరు మళ్లీ మొదటికి వస్తారు. ప్రకటనలో పడవ వారానికి ఎన్నిసార్లు వస్తుందో రాయండి. వాతావరణం బాగాలేకపోతే ఎన్ని రోజులు ఆగిపోవచ్చో రాయండి. రాత్రి పిలుపులు వారానికి సగటున ఎన్నో, సెలవు మీద వెళ్తే ఎవరు వస్తారో, ఇంటర్నెట్ ఎలా ఉంటుందో రాయండి. దక్షిణ అట్లాంటిక్ సముద్రంలోని ట్రిస్టన్ డా కున్యా అనే దీవికి విమానాశ్రయమే లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం పడుతుంది, జనాభా మూడు వందలు కూడా ఉండదు. అలాంటి చోటికి కూడా డాక్టర్లు వెళ్తారు, ఎందుకంటే ఏం ఎదురవుతుందో వాళ్లకు ముందే తెలుసు. దూరం తెలిసి వచ్చినవాళ్లు దూరం వల్ల వెళ్లిపోవడం తక్కువ.

వీలైతే ఆఫర్ ఇచ్చే ముందు వాళ్లను ఒక వారం రప్పించండి. ఒక్కర్నే కాదు, భార్యో భర్తో ఉంటే వాళ్లను కూడా. ఖర్చు మీరే పెట్టుకోండి. ఇది ఎండగా ఉండే నెలలో కాకుండా గాలి ఎక్కువగా ఉండే నెలలో పెడితే ఇంకా మంచిది. ఆ వారం చూసి "మా వల్ల కాదు" అన్నవాళ్లకు నేను మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పేదాన్ని.

క్వార్టర్స్ ఇస్తున్నాం కదా, ఇల్లు సమస్య ఎలా అవుతుంది?

ఏ క్వార్టర్స్ అన్నది ప్రశ్న. తలుపు తీస్తే ఆసుపత్రి వరండా కనిపించే గది ఇల్లు కాదు. కొళాయి కారుతోందని మూడుసార్లు చెప్పినా ఎవరూ రాకపోతే, ఆ చుక్కల చప్పుడు రాత్రంతా వింటూ పడుకునే మనిషి "వీళ్లకు నేను అక్కర్లేదు" అనే అనుకుంటుంది. పర్యాటకులు వచ్చే దీవుల్లో ఇంకో చిక్కు, అద్దె ఇళ్లన్నీ సీజన్‌లో వాళ్లకు వెళ్లిపోతాయి, నర్సుకు ఇల్లు దొరకదు. ఉద్యోగం ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఆ ఇల్లు ఖాళీగా అట్టిపెట్టండి, ఎవరికీ ఇవ్వకండి.

భార్యాభర్తల్లో ఒకరికే మా దగ్గర ఉద్యోగం ఉంది. రెండోవాళ్ల సంగతి?

నియామకాల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్న దగ్గరే తెగిపోతాయి. డాక్టర్ సంతోషంగానే ఉంటాడు, ఆయన భార్య పొద్దున్నుంచీ సాయంత్రం వరకు పనీ పాటా లేకుండా, తెలిసిన మనిషి లేకుండా కూర్చుంటుంది. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ వెళ్లిపోతారు. ఇంటర్వ్యూలోనే అడగండి, మీ ఇంట్లోవాళ్లు ఏం పనిచేస్తారు అని. బడిలో, పంచాయతీ ఆఫీసులో, రేవులో ఎక్కడ ఖాళీలున్నాయో ఒక జాబితా దగ్గర పెట్టుకోండి. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగాలు పెరిగాక ఇది కొంచెం తేలికైంది, కాకపోతే దానికి ఇంటర్నెట్ నిజంగా పనిచేయాలి. పిల్లల విషయంలో మాత్రం దాచకండి. దీవిలో హైస్కూల్ లేకపోతే, పిల్లలకు పదకొండు పన్నెండేళ్లు వచ్చేసరికి ఆ కుటుంబం వెళ్లిపోతుందని ముందే అనుకుని ప్లాన్ చేసుకోండి.

మా దీవి పిల్లల్నే చదివిస్తే మంచిది కదా?

అన్నిటికంటే మంచిది అదే, అన్నిటికంటే ఆలస్యమయ్యేదీ అదే. మారుమూల పెరిగిన పిల్లలు చదువయ్యాక మారుమూల పనిచేయడానికే ఎక్కువ మొగ్గు చూపుతారని ఎన్నో దేశాల అనుభవం చెప్తోంది, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసుల్లో కూడా ఇది ముందు వరసలో ఉంటుంది. జపాన్‌లో 1972లో జిచి వైద్య విశ్వవిద్యాలయం ఈ పని కోసమే పెట్టారు. ప్రతి ప్రిఫెక్చర్ (అక్కడి రాష్ట్రం లాంటిది) నుంచీ కొద్దిమంది విద్యార్థుల్ని తీసుకుంటారు, ఫీజు అప్పుగా ఇస్తారు, తిరిగి తమ ప్రాంతంలో చెప్పినచోట దాదాపు తొమ్మిదేళ్లు పనిచేస్తే ఆ అప్పు మాఫీ. చెప్పినచోట అంటే దీవులు, కొండ ఊళ్లు కూడా. ఉత్తర నార్వేకు డాక్టర్లు దొరకట్లేదని ట్రోమ్‌సోలో వైద్య కోర్సు మొదలుపెట్టిందీ 1970ల్లోనే.

ఆరేడేళ్లు ఆగలేం అంటారా, అలాస్కా వైపు చూడండి. అక్కడ 1960ల నుంచి ఊళ్లో మనుషుల్నే ఎంచుకుని, కొన్ని వారాల చొప్పున విడతలుగా శిక్షణ ఇచ్చి ఆరోగ్య సహాయకులుగా తయారుచేస్తున్నారు. చేతిలో ఒక మార్గదర్శక పుస్తకం, ఫోన్‌కు అవతల డాక్టర్. రోడ్డు లేని ఊళ్లలో మొదటి చికిత్స అందేది వాళ్ల చేతుల మీదుగానే. మీ ఆరోగ్య కేంద్రంలో చీటీలు రాసే అమ్మాయో, ఊడ్చే అబ్బాయో రోగులతో ఎలా మాట్లాడుతున్నారో ఒకసారి గమనించండి. వాళ్లలో ఒకరు రేపటి నర్సు కావచ్చు. చదువుకు పంపేటప్పుడు ఫీజు మాత్రమే ఇస్తే సరిపోదు. వాళ్ల జీతం మీద ఇల్లు నడుస్తుంటే ఆ జీతం కూడా చదువయ్యేదాకా ఆగకూడదు.

బాండ్ రాయించుకుంటే కచ్చితంగా ఉంటారు కదా?

బాండ్ అయ్యేదాకా ఉంటారు. ఆఖరి రోజు సాయంత్రం పడవ ఎక్కేస్తారు. ఉన్నన్నాళ్లు కూడా మనసు లేకుండా పనిచేస్తే రోగికే నష్టం. బాండ్ పెట్టొద్దని కాదు, చదువుకు డబ్బు పెట్టినప్పుడు కొంత సేవ అడగడం న్యాయమే. కానీ బాండ్‌తో పాటు పైఅధికారి తోడ్పాటు, ఆ తర్వాత పైచదువుకో ప్రమోషన్‌కో ఒక దారి కూడా ఉండాలి.

వేరే దేశాల నుంచి తీసుకురావచ్చా?

తేవచ్చు, చాలా దీవులు తెస్తున్నాయి. రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, రిజిస్ట్రేషన్, వీసా, పత్రాల తనిఖీ అన్నీ కలిసి నెలల తరబడి పడుతుంది, కాబట్టి ఉన్న మనిషి వెళ్లిపోయాక మొదలుపెడితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. రెండోది న్యాయానికి సంబంధించింది. ప్రపంచ ఆరోగ్య సభ 2010లో ఆమోదించిన అంతర్జాతీయ నియామకాల నియమావళి ప్రకారం, సిబ్బంది కొరత తీవ్రంగా ఉన్న దేశాల నుంచి వాళ్లను వెతికి వెతికి లాక్కోకూడదు. 2023లో ఇచ్చిన జాబితాలో అలాంటి దేశాలు 55 ఉన్నాయి. అందులో కిరిబాటి, టువాలు, వనువాటు, సోలమన్ దీవులు కూడా ఉన్నాయి. అంటే మన దీవి ఖాళీ నింపడానికి ఇంకో దీవిని ఖాళీ చేసే ప్రమాదం ఉంది. ఆ దేశం నుంచి ఎవరైనా తమంతట తాము దరఖాస్తు చేసుకుంటే అది వాళ్ల హక్కు, కాదనక్కర్లేదు. ఏజెంట్‌ను పంపి మనిషి మనిషినీ కదిలించడం మాత్రం తప్పు.

టెలిమెడిసిన్ వచ్చాక డాక్టర్ అక్కడే ఉండాలా?

వీడియోలో స్పెషలిస్టు కనిపిస్తాడు, చేతిలో సూది ఉండేది మాత్రం నర్సుకే. టెలిమెడిసిన్ మనిషికి బదులు రాదు, ఉన్న మనిషికి ధైర్యంగా వస్తుంది. రాత్రి రెండు గంటలకు పసిబిడ్డకు ఊపిరి అందకపోతే అవతల ఒక సీనియర్ గొంతు "నేను లైన్లోనే ఉన్నాను, ఇప్పుడు ఇది చెయ్యి" అని చెప్తుంటే ఆ నర్సు రేపు కూడా డ్యూటీకి వస్తుంది. అందుకే కెమెరాలు కొనే ముందు, రాత్రిపూట ఆ ఫోన్ ఎవరు ఎత్తుతారో, వాళ్ల పేరు, వంతు కాగితం మీద ఉండేలా చూడండి.

దీవిలో ఉంటే నేర్చుకున్నదంతా మర్చిపోతామని భయపడుతున్నారు. నిజమేనా?

కొంత నిజం. ఏడాదికి నాలుగైదు కాన్పులే జరిగే చోట చేయి మొద్దుబారుతుంది, అది ఎవరి తప్పూ కాదు. ఏడాదికోసారి రెండు మూడు వారాలు పెద్ద ఆసుపత్రిలో పనిచేసే వీలు కల్పించండి, దాన్ని సెలవులో కోయకండి. ఆ రెండు వారాలకు అక్కడి నర్సు ఇక్కడికి వస్తే ఇద్దరికీ లాభం, పెద్ద ఆసుపత్రివాళ్లకు దీవి కష్టం ఏంటో అర్థమవుతుంది, మరుసటి రోజు నుంచి ఫోన్లో మాట్లాడే తీరే మారిపోతుంది. ఇంకో వైపు నుంచి చూస్తే, గాయానికి కుట్లు వేయడం నుంచి మానసిక ఆరోగ్యం దాకా అన్నీ ఒకే మనిషి చూసే అవకాశం పట్నంలో ఎక్కడుంది? అలాంటి పని ఇష్టపడేవాళ్లు ఉంటారు. మీకు కావాల్సింది వాళ్లే.

అందరూ తెలిసినవాళ్లే. గోప్యత ఎలా?

కష్టమే. నర్సుకు ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో తెలుసు, ఆ మనుషులే రేపు పెళ్లిలో పక్కన కూర్చుంటారు. దుకాణంలో ఆపి చొక్కా ఎత్తి దద్దుర్లు చూపించేవాళ్లు ఉంటారు. "రేపు పొద్దున కేంద్రానికి రండి, ప్రశాంతంగా చూస్తాను" అనే మాట ఊళ్లో అందరి ముందూ చెప్పే హక్కు ఆమెకు ఉందని ఆరోగ్య కేంద్రాన్ని చూసుకునే కమిటీ బహిరంగంగా చెప్పాలి, ఆమె ఒక్కతే చెప్తే పొగరు అంటారు. అలాగే తనకే ఒంట్లో బాగాలేకపోతే, మనసు బాగాలేకపోతే, దీవి బయటి డాక్టర్‌ను కలిసే ఏర్పాటు ఉండాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

డాక్టర్, నర్సు దొరికితే చాలు కదా?

ల్యాబ్ టెక్నీషియన్ సెలవు పెట్టిన రోజు మీకే తెలుస్తుంది. ఫార్మసిస్టు, ఎక్స్‌రే తీసేవాళ్లు, రోగిని తీసుకెళ్లే పడవ నడిపేవాళ్లు, శుభ్రం చేసేవాళ్లు, జనరేటర్ బాగుచేసేవాళ్లు, వీళ్లలో ఏ ఒక్కరు లేకపోయినా మిగతావాళ్ల పని ఆగుతుంది. ఒక్కొక్కరికీ రెండో పని కూడా కొంత నేర్పించండి, చట్టం ఒప్పుకునేంత వరకే.

ఎన్నేళ్లు ఉంటే నిలిచినట్టు లెక్క?

రిటైరయ్యేదాకా ఉండాలని ఆశపడితే నిరాశే మిగులుతుంది. మూడేళ్లు బాగా పనిచేసి, తర్వాతి మనిషికి పద్ధతిగా చార్జ్ అప్పగించి వెళ్తే నా లెక్కలో అది విజయమే. లెక్క పెట్టాల్సింది ఇంకోటి ఉంది. ఏడాదిలో ఎన్ని రోజులు పోస్టు ఖాళీగా ఉంది, రిలీవర్ చెప్పిన తేదీకి ఎన్నిసార్లు వచ్చాడు. ఈ రెండు అంకెలు గోడ మీద రాసి పెట్టండి. ఇంకో పని కూడా చేయండి. వెళ్లిపోయేటప్పుడు "ఎందుకు వెళ్తున్నారు" అని అడగడం అందరూ చేస్తారు, ఉన్నవాళ్లను ఆరు నెలలకోసారి కూర్చోబెట్టి "ఏది మారితే ఇంకో ఏడాది ఉంటారు" అని అడగండి. అడిగాక ఒక్కటైనా మార్చండి.

మా డాక్టర్ వెళ్లిపోతానని చెప్పేశారు. ఇప్పుడేం చేయాలి?

బతిమాలకండి, మొహం చాటేయకండి. చిన్న ఊళ్లో వెళ్లిపోయే మనిషితో మాటలు తగ్గిపోవడం నేను చాలాసార్లు చూశాను, అది ఆయనకూ బాధ, చూస్తున్న మిగతా స్టాఫ్‌కూ భయం. పోస్టు ప్రకటన ఆ వారమే ఇవ్వండి. కొత్త మనిషి వచ్చాక ఇద్దరూ కనీసం రెండు వారాలు కలిసి పనిచేసేలా తేదీలు సర్దండి, ఆ రెండు వారాలకు రెండు జీతాలు ఇవ్వాల్సి వచ్చినా సరే. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలాయన ఉన్నాడో, ఎవరికి మందులు వేసుకోమని రెండుసార్లు గుర్తుచేయాలో కేస్ షీటులో ఉండదు, పక్కన నడుస్తూ చెప్పుకోవాల్సిందే.

తర్వాత ఒక మాట అడగండి: "ఏడాదికి నెల రోజులు రిలీవర్‌గా వస్తారా?" నేను అడిగినవాళ్లలో చాలామంది కాసేపు ఆలోచించి ఏ నెలలో అని అడిగారు. రేవులో నిలబడి, పడవ దిగుతున్నవాళ్లలో తెలిసిన ముఖం చూడగానే కొత్త నర్సు భుజాల మీది బరువు దిగిపోవడం నేను కళ్లారా చూశాను.